గొడుగు కాదు, కాలు చూడు

చిరంజీవి మనవడికి తాత ఆశీస్సులు.

నువ్వు పంపిన పుట్టగొడుగుల ఫోటో చూశాను. వాన వెలిసిన మర్నాడు మీ అపార్ట్‌మెంటు పచ్చికలో మొలిచాయని, కూరకు పనికొస్తాయా అని అడిగావు. పైనుంచి తీశావు కాబట్టి తెల్లని గొడుగు తప్ప ఏమీ కనబడలేదు. గొడుగు ఒక్కటే చూసి పేరు చెప్పడం, 50 ఏళ్లుగా ఏరుతున్నా, నావల్ల కాదు.

కాలు చూడాలి. కాడ పట్టుకుని లాగితే విరుగుతుంది, గుట్టంతా మట్టిలోనే ఉండిపోతుంది. కర్రతో చుట్టూ తవ్వి తియ్యి. మన పొలంగట్టు పుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగుకు కాడ వేరులా సన్నబడుతూ జానెడు, ఒక్కోసారి మూరెడు లోతుకు దిగి చెదల గూటికి తగులుతుంది. చెదలు ఆ గూట్లో తమ తిండికోసం బూజు తోట పెంచుకుంటాయి. మనం వండుకునేది ఆ తోట నుంచి పైకి వచ్చిందే. అందుకే దాన్ని షెడ్డులో పెంచి అమ్మేవారు లేరు. గొడుగు నడుమ మొనదేలి ఉంటుంది, గట్టి నేలను ఆ మొనతోనే చీల్చుకొస్తుంది.

కాడ అడుగున సంచిలాంటి తొడుగు, పైన ఉంగరం, గొడుగు కింద తెల్లని రేకులు ఉంటే వదిలెయ్యి. అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలో ప్రాణం తీసేవి ఇలాగే ఉంటాయి. తిన్నాక సుమారు 6 నుంచి 12 గంటలు ఏమీ తెలియదు. తరవాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి మనిషి తేరుకున్నట్టే ఉంటాడు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. చిక్కేమిటంటే, తినదగిన వరిగడ్డి పుట్టగొడుగుకూ అడుగున తొడుగు ఉంటుంది. ముదిరితే దాని రేకులు గులాబీ రంగుకు తిరుగుతాయి గానీ, మొగ్గలో రెండూ గుడ్డులాగే కనిపిస్తాయి. అందుకే మొగ్గల జోలికి నేను పోను.

మీ పచ్చికలోవి పచ్చరేకుల రకమని నా అనుమానం. లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి. విచ్చుకున్న గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచు. పొద్దున కాగితం మీద ఆకుపచ్చ పొడి పడితే అదే. మా వీధిలో ఒకాయన దాన్ని వండుకుతిని, రెండు గంటల్లో వాంతులై సెలైన్ దాకా వెళ్లాడు. కూరలో ఉల్లిపాయ నల్లబడలేదని ధైర్యం చేశాడట! ఉల్లిపాయ, వెండి నాణెం, పురుగు కొరికిన గుర్తు, ఏదీ పరీక్ష కాదు. ఎవరికైనా తేడా చేస్తే మిగిలిన ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వచ్చే వానలకు ఇటు రా, పుట్ట దగ్గరే చూపిస్తాను. ఒక్క రకం నేర్చుకో చాలు, నేనూ మూడే ఏరుతాను. ఫోటోలోవి కోశావో లేదో రాయలేదు. కోసి ఉంటే, కాగితం మీద పెట్టినది తప్ప మిగతావి ఈ రాత్రే పారెయ్యి. మీ అమ్మ ఫ్రిజ్‌లో చూసి కూరలో వేసేస్తుంది.

మీ తాత