ముసర రోగానికి ముత్తాతగారు వేయించిన సూది

ప్రశ్న: మాది ఒంగోలు ప్రాంతపు వ్యవసాయ కుటుంబం. 1924లో ఊళ్లోకి ముసర రోగం వచ్చినప్పుడు తొమ్మిది పశువులకు పశువుల డాక్టరు చేత సూది వేయించినట్టు, అన్నీ బతికినట్టు మా ముత్తాతగారి జమాఖర్చుల పుస్తకంలో ఉంది. రెండేళ్లకు రోగం మళ్లీ వచ్చి, వాటిలోనే నాలుగు చనిపోయాయి. ఆ పద్దు పక్కన ఆయన 'సూది మందు వట్టిది' అని రాసుకున్నారు. అది నిజంగా పనిచేయని మందేనా? ఆ రోగం ఇప్పుడు ఎందుకు కనిపించడం లేదు?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మందు వట్టిది కాదు, మీ ముత్తాతగారు గమనించినదీ తప్పు కాదు. ఆ రోజుల్లో వేసినది చాలావరకు సీరం. ఈనాటి అర్థంలో టీకా కాదు. ముసరను తట్టుకోగల స్థితికి వచ్చిన ఎద్దుకు రోగరక్తాన్ని, అంటే రోగమున్న పశువు రక్తాన్ని, పెద్ద మోతాదులో ఎక్కించి, దాని ఒంట్లో రోగంతో పోరాడే యాంటీబాడీలు బాగా పెరిగాక రక్తం తీసి, అందులోంచి వేరుచేసిన ద్రవమే ఈ సీరం. 1889లో పుణేలో మొదలై 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలిన ప్రభుత్వ ప్రయోగశాల దీనిని తయారుచేసేది.

సీరంతో వచ్చిన రక్షణ అరువు సొమ్ము వంటిది. రెండు వారాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు. అయితే ఆ కొద్ది రోజుల్లోనే పశువుకు రోగం సోకితే, అది తేలికగా వచ్చిపోయి, పశువు సొంతంగా దీర్ఘకాలపు నిరోధక శక్తిని సంపాదించుకునేది. అందువల్ల సూది వేసిన పశువులను రోగంతో ఉన్నవాటితో కలిపి ఉంచడమే మేలన్నది ఆనాటి వైద్యుల లెక్క. కళ్ల నుంచి నీరు కారుతూ, నోట్లో తవుడు చల్లినట్టు పొక్కులు లేచి, నెత్తురు విరేచనాలతో ఆరేడు రోజుల్లో కూలిపోయే పశువు పక్కన తన ఎద్దును తీసుకెళ్లి కట్టడానికి ఏ రైతుకు చేతులు వస్తాయి? నా ఊహ ఏమిటంటే, మీ ముత్తాతగారు కొన్నింటిని వేరే పాకలో భద్రంగా కట్టి ఉంటారు, ఆ నాలుగూ రోగం సోకకుండానే ఆ ఏడాది గట్టెక్కి ఉంటాయి. మిగిలిన ఐదింటికి అప్పుడే రోగం తేలికగా సోకిపోయి ఉంటుంది, అందుకే అవి రెండోసారి గట్టెక్కి ఉండవచ్చు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి సీరంతో పాటు రోగరక్తాన్ని కూడా ఒకేసారి ఎక్కించే పద్ధతి ఉండేది. దాని రక్షణ ఏళ్ల తరబడి నిలిచేది, కానీ ఆ రక్తంతో పాటు అందులోని ఇతర పరాన్నజీవులు కూడా పశువులోకి చేరేవి. ఆ బెడదను తప్పించడానికి 1920లలో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముసర వైరస్‌ను మేక నుంచి మేకకు ఎక్కిస్తూ పోగా, అది క్రమంగా పశువులను చంపే శక్తిని కోల్పోయి, నిరోధక శక్తిని పుట్టించే గుణాన్ని మాత్రం నిలుపుకుంది. పరాన్నజీవులను వదిలించుకోవడానికి మొదలుపెట్టిన పని అసలైన టీకాకు దారితీయడం పశువైద్య చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం. మీ ముత్తాతగారి పశువులకు అది కొద్ది ఏళ్ల తేడాతో అందలేదు.

ఇక రెండో ప్రశ్న, ముసర ఇప్పుడు ఎందుకు కనిపించడం లేదని. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టడానికి వీలైన గుణాలు ఆ రోగానికే ఉన్నాయి. ఒకసారి కోలుకున్న పశువుకు ముసర మళ్లీ రాదు, అది రోగాన్ని మోసుకు తిరగదు; వైరస్ పశువు ఒంటి బయట ఎక్కువ కాలం బతకదు; ఒకే టీకా అన్ని రకాలకూ సరిపోతుంది. మన దేశంలో 1954 నుంచి జాతీయ స్థాయిలో టీకాలు వేశారు. కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ అనే శాస్త్రవేత్త రూపొందించిన కణవర్ధన టీకా (ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వైరస్‌ను పెంచి తయారుచేసే టీకా) తరువాత ఆ పనిని మరింత సుగమం చేసింది. దేశంలో చివరి కేసు 1995లో తమిళనాడులో కనిపించింది. 2011లో ప్రపంచమంతటా ముసర అంతరించిందని ప్రకటించారు. మశూచి తరువాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన వ్యాధి ఇదొక్కటే. ఇప్పుడు మీ పశువుల నోట్లో పుండ్లు కనిపిస్తే అది చాలావరకు గాలికుంటు అయి ఉంటుంది. దాని టీకా వేరు, దానిని క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ వేయించాలి.