జన్యువు వ్యక్తమవుతుందా, వ్యక్తీకరింపబడుతుందా?

సందేహం: మిర్యాలగూడ నుంచి ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు ఇలా రాశారు: "ఒకే డి.ఎన్.ఏ. ఉన్న కణాలలో కొన్ని కాలేయ కణాలుగా, కొన్ని నాడీకణాలుగా ఎలా స్థిరపడతాయో చెప్పే పాఠంలో ఒక పుస్తకం 'జన్యు వ్యక్తీకరణ' అంటుంది, మరొకటి 'జన్యు అభివ్యక్తి' అంటుంది. ఏది సరైనది? 'మిథైలీకరణ' వ్యాకరణానికి నిలిచే మాటేనా?"

సమాధానం: రెండు మాటలకూ పుట్టిల్లు 'అంజ్' ధాతువే. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీనికి వ్యక్తి, మ్రక్షణం, కాంతి, గతి అని నాలుగు అర్థాలు చెప్పింది. మ్రక్షణమంటే పూయడం. కంటికి పెట్టే అంజనం, పండుగనాటి తలంటులో ఒంటికి నూనె పట్టించే అభ్యంజనం ఈ అర్థంలోంచి వచ్చినవే. రెండవదాన్ని మనం అభ్యంగనం అంటున్నాం. 'వి' అనే ఉపసర్గ చేరితే రూపు తేలడం, బయటపడడం ప్రధానమై 'వ్యక్తం' అవుతుంది. హల్లులను వ్యంజనాలనడం, అన్నంలో కలుపుకునే కూరను, పులుసును వ్యంజనమనడం, ఆలంకారికులు చెప్పే వ్యంజన, వ్యంగ్యం, ఇవన్నీ ఆ ధాతువు సంతానమే. సంస్కృతంలో 'వ్యక్తి' అంటే మొదట బయటపడడమే. మనిషి అనే అర్థం తరువాతిది. పూయడమూ బయటపడడమూ ఒకే ధాతువులో ఇమిడి ఉండడం మీ పాఠానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. కణంలో కూడా డి.ఎన్.ఏ. మీద, దాని చుట్టూ చేరే రసాయన గుర్తులను బట్టే ఏ జన్యువు వ్యక్తమవుతుందో, అంటే పనిలోకి వస్తుందో, ఏది మరుగున ఉంటుందో చాలావరకు నిర్ణయమవుతుంది.

ఇక 'ఈకరణ' సంగతి. 'కృభ్వస్తియోగే సంపద్యకర్తరి చ్విః' అని పాణిని సూత్రం (5-4-50). కృ, భూ, అస్ ధాతువులతో కలిసినప్పుడు మాట చివరి అకారం ఈకారం కావడానికి కారణం ఈ 'చ్వి' ప్రత్యయమే. అంతకుముందు అలా లేనిది అలా కావడం, అంటే అభూతతద్భావం, ఇక్కడి అర్థమని ఆ సూత్రానికి వివరణగా వచ్చిన వార్తికం స్పష్టం చేసింది. కృ ధాతువు చేరితే మరొకరు అలా చేయడం, భూ ధాతువు చేరితే తానే అలా కావడం. నీరు ఘనీభవించింది అంటామే కాని ఘనీకరించింది అనము. ఈ లెక్కన 'వ్యక్తీకరణ' అన్నప్పుడు వ్యక్తం చేసే కర్త ఒకరు ఉండాలి. 'అభివ్యక్తి' అన్నప్పుడు ఆ వెదకులాట లేదు.

కణంలో ఆ కర్తలున్నాయి. డి.ఎన్.ఏ. పోగు ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల ముద్దకు 147 క్షారజతల (డి.ఎన్.ఏ. నిచ్చెన మెట్ల) మేర చుట్టుకొని ఉంటుంది. కొన్ని ఎంజైములు హిస్టోన్లకు ఎసిటైల్ సమూహాలను చేర్చినప్పుడు ఆ చుట్ట సడలి, జన్యువును చదివే ప్రోటీన్లకు దారి దొరుకుతుంది. జన్యువు మొదలయ్యే చోట సైటోసిన్ క్షారాలకు మిథైల్ అనే చిన్న రసాయన సమూహం చేరితే సాధారణంగా ఆ జన్యువు అణగి ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు కొత్తగా తయారైన పోగు మీద ఆ గుర్తులు ఉండవు, డి.ఎన్.ఎం.టి.1 అనే ఎంజైము పాత పోగు మీది గుర్తులను ఆనవాలు పట్టి కొత్త పోగు మీదా వేస్తుంది. మిథైల్ గుర్తులు ఇలా ఒక తరం కణాల నుంచి మరో తరం కణాలకు అందవచ్చునని 1975లో శాస్త్రవేత్తలు హాలిడే, ప్యూ ఒక వ్యాసంలో, రిగ్స్ మరొక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆడ క్షీరదాల కణాలలో రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి పిండదశలోనే మూతపడుతుందని జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో చెప్పారు. ఒక కణంలో ఏది మూతపడిందో ఆ కణం సంతతి అంతటా అదే మూతపడి ఉంటుంది.

అందుచేత ఎంజైములు, ప్రోటీన్లు జన్యువును తెరిచే పనిని చెబుతున్నప్పుడు 'వ్యక్తీకరణ', ఆ పని ఫలితంగా కణంలో నిలకడగా ఉన్న స్థితిని చెబుతున్నప్పుడు 'అభివ్యక్తి' నాకు ఉచితంగా తోస్తాయి. ఒక దానికి బదులు మరొకటి రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించవలసినంత దోషం మాత్రం కాదు. ఆ స్థితి కొనసాగడాన్ని 'నిలుపుదల' అనకండి, ఆ మాటకు ఆపివేయడమనే అర్థం స్థిరపడింది. ఇలాంటి గుర్తులను పరిశీలించే శాస్త్రమైన ఎపిజెనెటిక్స్‌ను (జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ 1942లో పెట్టిన పేరు ఇది) కొందరు 'బాహ్యజన్యు శాస్త్రం' అంటున్నారు. గుర్తులన్నీ కేంద్రకం లోపల, డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొని ఉండగా 'బాహ్య' అనడం తప్పుదారి పట్టిస్తుంది, 'అధిజన్యు' మేలు.

'ఈకరణ' అనే ఈ ప్రత్యయాన్ని మనవాళ్లు పెడుతున్న హింస చూస్తే మనసు కష్టపడుతుంది. సాగర్ ఎడమ కాల్వ పనుల గురించి రాసిన ప్రతిసారీ 'ఆధునీకరణ' అనే రాస్తారు. మూలపదం 'ఆధునిక', చివరి అకారం ఈకారమై 'ఆధునికీకరణ' కావాలి. 'పారిశ్రామికీకరణ'లోనూ ఇలాగే ఒక 'కీ' మాయమవుతున్నది. పలకడం కష్టమైతే ఆధునికం చేయడమనవచ్చు. అక్షరాన్ని మింగే హక్కు ఎవరికీ లేదు.

'మిథైలీకరణ' విషయంలో నేను అంత కఠినంగా ఉండలేను. సూత్రార్థం ప్రకారం అది 'మిథైల్ కానిదాన్ని మిథైల్‌గా చేయడం' అవుతుంది. సైటోసిన్ మిథైల్ కాదు, మిథైల్‌సైటోసిన్ అవుతుంది. అయితే గ్రామాల 'విద్యుదీకరణ'లోనూ గ్రామం విద్యుత్తుగా మారదు. పైగా విద్యుత్ శబ్దం హలంతం కనుక ఈకారానికి అక్కడ చోటే లేదు. అయినా ఆ మాట స్థిరపడింది. 'ఈకరణ' తెలుగులో సమకూర్చడమనే అర్థాన్ని కూడా సంపాదించుకున్నది. ఆ దారిలో 'మిథైలీకరణ' చెల్లుతుంది. తరగతిలో మొదటిసారి చెప్పేటప్పుడు 'మిథైల్ చేర్చడం' అని, ఆ తరువాత ఈ పారిభాషికాన్ని వాడండి.