అమ్మమ్మ వచ్చేలోపు: నెలల పిల్లల తిండి గురించి

"అమ్మ ఇండియా నుంచి వస్తోంది, ఆరో నెల బాబు కోసం ఏమేం తెప్పించుకోవచ్చు?" అని అమెరికాకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అడుగుతూ ఉంటారు. వద్దనేవి ముందు చెప్తాను.

తేనె. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. నాలిక మీద రాయడం, పాలపీకకి అద్దడం కూడా అంతే. తేనెలో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మన పేగుల్లో అవేమీ చేయలేవు గానీ, పసివాళ్ల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. అడవి తేనె, స్వచ్ఛమైన తేనె అన్నా తేడా లేదు, కాచినా ఆ బీజాలు చావవు. ఇప్పటికే నాకించి ఉంటే కంగారు పడకండి. కానీ మలబద్ధకం, పాలు పీల్చడంలో నీరసం, మెడ వాలిపోవడం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రెండోది వసకొమ్ము. మాటలు బాగా వస్తాయని సాన మీద అరగదీసి నాకించడం మనలో చాలా ఇళ్లలో ఉంది. ఇక్కడ ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1968లోనే వసను ఆహారంలో వాడకూడదని నిషేధించింది. వస నూనె పెట్టిన ఎలుకలకి పేగుల్లో కణుతులు వచ్చాయి. ఈ సంగతి అమ్మ విమానం ఎక్కకముందే ఫోన్లో చెప్పేయండి. ఆవిడ ప్రేమగా అరగదీసి తెచ్చాక వద్దనడం ఇద్దరికీ కష్టం.

ఉగ్గు మాత్రం నిశ్చింతగా పెట్టండి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టిన పొడికి మించింది లేదు. రోజూ బియ్యమే కాకుండా రాగి, ఓట్స్ కూడా మార్చి మార్చి పెట్టండి, బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం కాస్త ఎక్కువ. అసలు జాగ్రత్త వండిన తర్వాత మొదలవుతుంది. పొద్దున వండి స్టవ్ మీదే ఉంచి, మధ్యాహ్నం మళ్లీ మరిగించి పెట్టడం మనకి అలవాటు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా బతుకుతాయి. గది వేడిలో అవి పెరిగి వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. అందుకే వండగానే ఆ పూటకి కావలసింది తీసుకుని, మిగతాది వెడల్పాటి గిన్నెలో పల్చగా పరిచి, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. డల్లాస్ ఎండల్లో బయటికి తీసుకెళ్తే, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పుడు గంటే గడువు. ఫ్రిజ్ లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మించకూడదు. చిన్న థర్మామీటర్ కొని లోపల పెట్టుకోండి. బాబు ఎంగిలి చెంచా పడిన గిన్నెలోది ఎంత మిగిలినా పారేయండి, దాచొద్దు.

ఫార్ములా పాలు కలిపిన 2 గంటల్లోపు పట్టాలి, తాగడం మొదలుపెడితే గంటలోపు అవ్వాలి. సీసాని మైక్రోవేవ్‌లో పెట్టకండి, అక్కడక్కడా మరిగిపోయి నోరు కాలుతుంది. వేడినీళ్ల గిన్నెలో ఉంచితే చాలు.

కాస్త పెద్దయ్యాక ద్రాక్షపళ్లని నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి. పల్లీలు, జీడిపప్పు గింజలుగా నాలుగేళ్లదాకా వద్దు.

మీరు ఆఫీసుకి వెళ్తే ఇంట్లో అమ్మ, బాబు ఇద్దరే ఉంటారు. బాబు ఏ మందో మింగితే పిలవాల్సిన పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. అమ్మ ఫోన్లో సేవ్ చేయండి, ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించండి. ఇంగ్లిష్ రాకపోయినా "తెలుగు" అంటే చాలు, దుబాసీని కలుపుతారని చెప్పండి. గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే మాత్రం నేరుగా 911కే చేయాలి.