షవర్‌కి పాతికవేలు పోసి చెంబుతో స్నానం చేయించినవాడి మాట

"కొత్త ఇంటి బాత్రూమ్‌కి రెండు వేల షవర్ వాల్వ్ చాలా, పాతికవేలదే పెట్టాలా?" అని అడిగారు. నేను రెండూ పెట్టించాను. రెండింటికీ ఇంట్లో తిట్లు తిన్నాను.

మాది అనంతపురం. నాలుగేళ్ళ కిందట ఇల్లు కట్టినప్పుడు పైఅంతస్తు బాత్రూమ్‌కి పాతికవేలది, వేడినీళ్ళూ చన్నీళ్ళూ తనే కలిపి ఇచ్చే థర్మోస్టాట్ మిక్సర్ తెప్పించాను. బెంగళూరులో ఒక హోటల్లో చూసి మనసు పారేసుకున్న సరుకు. 38 డిగ్రీల దగ్గర తిప్పి పెడితే నీళ్ళ వేడి అక్కడే నిలుస్తుంది. గృహప్రవేశం మర్నాడు మొదటి స్నానం మా నాయనది. అరగంటైనా బయటికి రాలేదు. తలుపు కొడితే, "నీళ్ళు వస్తాండాయి గానీ, నా మీదికి రావడం లేదప్పా" అన్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే షవర్ నుంచి నాలుగు దారాలు గోడ వెంబడి జారుతున్నాయి. ఆయన తల నిండా షాంపూ, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. కిందినుంచి బకెట్ తెచ్చి నేనే పోశాను. "ఇన్ని దుడ్లు పెట్టి కొన్నావు, ఒక చెంబు కూడా ఇచ్చుంటే బాగుండు వాళ్ళు" అన్నాడు.

తప్పు వాల్వ్‌ది కాదు. కనీసం 1 బార్ ప్రెషర్ కావాలని దాని డబ్బా మీదే రాసుంది. 1 బార్ అంటే దాదాపు 33 అడుగుల ఎత్తునుంచి నీళ్ళు దిగాలి. మా ట్యాంకు షవర్ కంటే 9 అడుగులే పైన. ఈ లెక్క షాపులో చెప్పలేదు, ప్లంబర్ చెప్పలేదు. ఎలివేషన్ పాడవుతుందని ట్యాంకును కిందికి దించిన ఇంజనీర్ ఎందుకు చెబుతాడు? వీధిలో పోయేవాళ్ళకు ట్యాంకు కనబడకూడదట, ఇంట్లోవాళ్ళకు నీళ్ళు రాకపోయినా పర్వాలేదట! చివరికి ప్రెషర్ పంపు పెట్టించాను. కరెంటు పోతే మళ్ళీ చెంబే.

కింది బాత్రూమ్‌లో బుద్ధిగా చవక కన్సీల్డ్ డైవర్టర్ వేయించాను, అంటే గోడ లోపల దాగి ఉండి నీళ్ళను కుళాయికో షవర్‌కో మళ్ళించే వాల్వ్. రెండో ఏడు పక్కగదిలో బీరువా వెనక చెమ్మ మొదలైంది. వానేమో అనుకున్నాం, అనంతపురంలో! గోడ పగలగొడితే డైవర్టర్ బాడీకి జాయింటు దగ్గర వెంట్రుకంత పగులు. చేతిలోకి తీసుకుంటే ఇత్తడి బరువే లేదు. నాలుగు టైల్స్ పోయాయి, ఆ డిజైన్ ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు అక్కడ వేరే రంగువి ఉన్నాయి. కావాలనే అలా వేయించామని మా ఆవిడ చుట్టాలకు చెబుతుంది.

ఇక మన బోరు నీళ్ళు. గీజర్ కాయిల్‌కి తెల్లగా పెంకు కట్టించే ఆ సున్నమే వాల్వ్ లోపలి సెరామిక్ బిళ్ళల మధ్య కూడా చేరుతుంది. రెండు వేలదైనా పాతికవేలదైనా దానికి ఒకటే. నా ఖరీదైనదాని కార్ట్రిడ్జ్, అంటే నీళ్ళను అదుపు చేసే లోపలి భాగం, బిగుసుకుపోతే కొత్తది బెంగళూరు నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. షవర్ తలకు పట్టిన సున్నం మాత్రం నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడితే వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోయకండి, మెరుగు లేచిపోతుంది.

నన్నడిగితే మధ్యరకం ఇత్తడి వాల్ మిక్సర్, అదీ గోడ బయట ఉండేదే కొనండి. పాడైతే అరగంటలో విప్పుకోవచ్చు. కొనేముందు షాపులో "దీని కార్ట్రిడ్జ్ ఇప్పుడు మీ దగ్గర ఉందా, చూపించండి" అని అడగండి. నీళ్ళు నమిలితే లేచి రండి. కన్సీల్డే కావాలని ఇంట్లో పట్టుబడితే గోడలోకి పోయే బాడీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. టైల్స్ వేయకముందే పైపులో ప్రెషర్ ఎక్కించి, రాత్రంతా ఉంచి, పొద్దున్న ప్రెషర్ గేజు ముల్లు దిగిందో లేదో మీరే చూడండి. ప్లంబర్ "ఏం కాదు సార్" అన్నా వినకండి.

టైల్స్ మాత్రం ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయండి.