పాత పికప్‌లో స్టీరింగ్ ప్లే: బాక్స్ మార్చే ముందు చూడాల్సినవి

పాత పికప్, స్టీరింగ్ నాలుగు వేళ్ల మేర తిప్పినా టైర్లు కదలడం లేదు (ఈ వదులునే ప్లే అంటారు), షెడ్డులో స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) మార్చాలన్నారు అని అడిగారు. తొందరపడకండి. ఖర్చు ఎక్కువ దానికే, అనుమానించాల్సిందేమో చివర్న. విశాఖలో, అందులోనూ ఫిషింగ్ హార్బర్‌లో తిరిగే బండైతే, ముందు చక్రాలు చిమ్మే ఉప్పునీళ్లకు మొదట దెబ్బతినేది టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ), డ్రాగ్ లింక్ (బాక్స్ కదలికను చక్రాలకు అందించే కడ్డీ) ఎండ్లే, అంటే వాటి చివరి జాయింట్లే. వాటి మీది రబ్బరు బూటు చిరిగిందంటే లోపల గ్రీజు పోయి తుప్పు మొదలైనట్టే.

పరీక్షకు ఇద్దరు కావాలి. జాకీ వద్దు, టైర్లు నేల మీదే ఉండాలి, బరువు పడితేనే ప్లే బయటపడుతుంది. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, వెనక టైర్లకు రాళ్లు. పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్‌లో ఉంచండి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ అంగుళం మేర ఊపుతుంటే, రెండోవారు టార్చి పట్టుకుని పైనుంచి కిందికి రండి. ఒక్కో జాయింటు మీద వేలు అడ్డంగా ఆనించండి. కంటికి కనపడని టక్కు వేలికి తెలుస్తుంది.

ముందు స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ) అడుగున ఉండే క్రాస్ జాయింటు. తర్వాత బాక్స్: లోపలికెళ్లే షాఫ్టు తిరిగినా డ్రాప్ ఆర్మ్ (బాక్స్ బయట ఉండి డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి) ఆలస్యంగా కదిలితేనే తప్పు బాక్స్‌ది. డ్రాప్ ఆర్మ్ వెంటనే కదిలి డ్రాగ్ లింక్ ఆగితే ఆ ఎండు పోయింది. అసలు బాక్సే చాసిస్ మీద జరుగుతోందా? బోల్టులు బిగించే ముందు వైర్ బ్రష్‌తో తుప్పు గీకి చూడండి, బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు ఉండొచ్చు.

ఇప్పుడు జాకీ ఎక్కించి, చాసిస్ కింద స్టాండ్ పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఊపు పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్ (చక్రం పక్కలకు తిరిగేందుకు ఆధారమైన భాగాలు).

బాక్స్‌దే తప్పని తేలినా ముందు ఆయిల్ చూడండి. టైర్లు తిన్నగా ఉంచి, బాక్స్ మీది సర్దుబాటు స్క్రూకున్న లాక్ నట్ వదులు చేసి, ఆ స్క్రూను ఒకసారికి అరపావు చుట్టు మాత్రమే బిగించండి. చాలా షెడ్లలో ప్లే మొత్తం ఈ స్క్రూతోనే తీసేస్తారు. కానీ బాక్స్‌లో గేరు పళ్లు అరిగేది మధ్యలో, అంటే టైర్లు తిన్నగా ఉండే చోట. దానికి సరిపడా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాదు. అది ప్లే కన్నా ప్రమాదం.

ఎండు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. స్ప్లిట్ పిన్ (నట్టు వదులవకుండా గుచ్చే పిన్) రంధ్రం కుదరకపోతే నట్టు తర్వాతి గాడికి బిగించాలే గానీ వెనక్కి వదలకూడదు. పాత పిన్ మళ్లీ వాడొద్దు. ఆ తర్వాత మెల్లగా ఆటోనగర్ వెళ్లి అలైన్‌మెంట్ చేయించండి, టో (ముందు టైర్లు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) తేడాగా ఉంటే కొత్త టైరైనా అంచు రంపంలా అరిగిపోతుంది.