టార్జాన్ కాకుండా పాత పల్ప్ సాహస నవల ఏది చదవాలి?

నా సమాధానం ఏ. మెరిట్ రాసిన ‘ద షిప్ ఆఫ్ ఇష్తార్’. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చయ్యేవి కాబట్టి ఇలాంటి కథలు వేసే పాత పత్రికలకు పల్ప్ అని పేరు. అలాంటి ఒక అమెరికన్ వారపత్రికలో 1924లో ఇది సీరియల్‌గా వచ్చింది.

న్యూయార్క్‌లో ఉండే కెంటన్‌కు బాబిలోన్ తవ్వకాల్లో దొరికిన ఒక రాతి దిమ్మ చేరుతుంది. అది పగిలితే లోపల బొమ్మ ఓడ. చూస్తుండగానే అతను ఆ ఓడ మీదికి వెళ్లిపడతాడు! ఓడలో సగం తెలుపు, ఇష్తార్ దేవతది. మిగతా సగం నలుపు, మృత్యుదేవుడు నెర్గల్‌ది. మధ్యలో కంటికి కనబడని గోడ. రెండు పక్షాలవాళ్లూ దాన్ని దాటలేరు, బయటివాడైన కెంటన్ మాత్రం దాటగలడు. కథ బలమంతా ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

నాకు బాగా నచ్చింది మరొకటి. అతను మధ్యమధ్యలో తన గదిలోకి వచ్చి పడుతుంటాడు, ఓడ మీద తగిలిన గాయాలు ఒంటి మీద అలాగే ఉంటాయి. కల అనుకోవడానికి వీల్లేదు.

వర్ణనలు కాస్త ఎక్కువే, మొదట్లో ఓపిక పట్టండి. 1926 నాటి పుస్తకంలో కొంత కత్తిరించారు, కాబట్టి పూర్తి పాఠం ఉన్న ప్రతినే వెతకండి.