బొచ్చె ముందర రబ్బరు కప్ప ఎందుకు తమ్ముడూ?

పాఠకుల ప్రశ్నలు - గాలం కబుర్లు

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. ఆరు నెలల కింద ఆన్‌లైన్‌లో రాడ్డు, రీలు, ఒక డబ్బా నిండా రంగురంగుల లూర్లు (చేపల్లా, కప్పల్లా ఉండే బొమ్మ ఎరలు) తెప్పించాను. ప్రతి ఆదివారం తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దిక్కు పోతున్నా. నా పక్కన ఒక పెద్దాయన వెదురు కర్రతో కూర్చుని, ఒకసారి ఎర్రలు, ఒకసారి పిండిముద్ద గుచ్చి వరసగా తీస్తుంటాడు. నాకు మాత్రం ఒక్కటీ తగల్లేదు. నాలుగు వేలు పోయాయి, పైగా ఆయన నన్ను చూసి నవ్వుతాడు. ఈ ప్లాస్టిక్ బొమ్మలు నిజంగా పనిచేస్తాయా, లేక ప్రాణమున్న ఎరే మేలా?

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తమ్ముడూ. రాడ్డు గురించి ఉంది, రీలు గురించి ఉంది, ఆయన నవ్వు గురించి కూడా ఉంది, నువ్వు ఏ చేప కోసం పోతున్నావో మాత్రం ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే. ఎర మంచిదా లూరు మంచిదా అని చాలామంది కొట్లాడుకుంటారు గానీ అది చేప నోరు చూసి తేల్చుకోవాల్సిన సంగతి.

మన నదుల్లో, రిజర్వాయర్లలో ఎక్కువగా దొరికేవి బొచ్చె, రోహు, మృగాల. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైపొరల్లో కంటికి ఆనని సన్నటి జీవులను వడగట్టుకుని తింటుంది. రోహు నడిమి నీళ్లలో తిరుగుతుంది. మృగాల నోరు కిందికి ఉంటుంది, అడుగు బురదలో వెతుక్కుంటుంది. ఈ మూడింటిలో ఏదీ ఇంకో చేపను తరిమి పట్టే రకం కాదు. బొచ్చె ముందర రబ్బరు కప్పను ఆడించడమంటే ఆవు ముందర కోడికూర పెట్టినట్టే. వీటికి పిండి కావాలి, వాసన కావాలి. తవుడు, వేరుశనగ చెక్క కలిపి, కాస్త గోధుమపిండితో గట్టిగా పిసికిన ముద్ద చాలు. వేరుశనగ చెక్క మన సీమలో దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది! కావేరి మీద పెద్ద పెద్ద మహసీర్ చేపలను పట్టినవాళ్లు కూడా రాగిముద్దతోనే పట్టారు, అంటే మనింటి సంగటే అనుకో. ఆ పెద్దాయనకు ఇదంతా పుస్తకం చదివి తెలిసింది కాదు, అయినా నీకన్నా బాగా తెలుసు.

మరి లూర్లు దండగా అంటే కాదు. వేటాడే చేపలున్నాయి కదా, కొర్రమీను, వాలుగ. వీటి ఒంటికి రెండు పక్కలా ఒక గీత ఉంటుంది, నీళ్లలో చిన్న కదలిక వచ్చినా దాంతో పసిగడతాయి. లూరు పట్టేది ఈ గుణాన్నే. ఫిన్లండ్‌లో లౌరి రపాలా అనే జాలరి, పెద్ద చేపలు ఎప్పుడూ మందలో కుంటుతూ పోయే చిన్న చేపనే ఎందుకు పడతాయా అని గమనించి, 1936లో బెండును చెక్కి, చాక్లెట్ చుట్టిన తళుకు కాగితం అంటించి తన మొదటి లూరు చేశాడు. రంగు కన్నా ఆ కుంటి నడక ముఖ్యం. నువ్వేమో రీలు ఒకే వేగంతో గిరగిరా తిప్పేస్తూ ఉంటావని నా అనుమానం, కొత్తలో అందరం అంతే. కాస్త లాగు, ఆపు, రెండు లెక్కపెట్టు, మళ్లీ లాగు. ఎక్కువసార్లు చేప పట్టేది ఆ ఆపినప్పుడే.

కొర్రమీనుకైతే తామరాకులు, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువుల్లో రబ్బరు కప్పను మించింది లేదు. దాని గాలపు ముళ్లు వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల్లో తగులుకోదు. తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక ఆకుల మీదుగా మెల్లగా లాగు. నీళ్లు ఢాం అని పగిలిన వెంటనే కంగారుపడి గుంజావో, కప్ప ఖాళీగా వచ్చి నీ మొహానికే తగులుతుంది. ఒక క్షణం ఆగి, దారం బరువెక్కినాక గట్టిగా గుంజు.

ఇంకో సంగతి, నీళ్ల రంగు. వానాకాలంలో తుంగభద్ర ఎర్రగా, చిక్కగా పారేటప్పుడు కంటికి కూడా కనపడాల్సిన లూరు ఏం చేస్తుంది పాపం? ఆ రోజుల్లో వాసనున్న ఎరదే రాజ్యం. చలికాలానికి నీళ్లు తేరుకున్నాక నీ డబ్బా తెరువు. నేనైతే వరద రోజుల్లో లూర్లు ఇంట్లోనే పెడతాను, కంపచెట్లు మునిగిన చోట ఒక్క పొద్దులోనే మూడు పోగొట్టుకున్నాక వచ్చిన బుద్ధి ఇది.

పోయేముందు అక్కడి మత్స్యకార సంఘం వాళ్లను అడుగు, చాలా రిజర్వాయర్లలో, చెరువుల్లో చేపల హక్కు వాళ్లది, అది వాళ్ల కూడు. బ్యారేజీ గేట్ల దగ్గర మాత్రం నిలబడొద్దు. ఆ పెద్దాయన పక్కన ఒక ఆదివారం రాడ్డు లేకుండా ఊరికే కూర్చో, ఒక టీ ఇప్పించు, చెబుతాడు.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో ఎండాకాలం ఎర్రలు దొరకడం లేదు, దొరికినా చెరువు కాడికి పోయేసరికి చస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఎండిన చేలో తవ్వితే రాళ్లు తప్ప ఏం రావు. పాత పేడదిబ్బ అడుగున, కుళాయి నీళ్లు పారే కాలువ పక్కన, అరటితోటలో వెతుకు. మట్టి పిడతలో తడి మట్టి, పైన తడి గోనెసంచి ముక్క, నీడలో పెట్టు. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి బండి ట్యాంకు మీద పెడితే అవి ఉడికిపోతాయి. చిన్న చేపలను ఎరగా తీసుకుపోయేవాళ్లకూ ఇదే తిప్పలు, నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మిగిలిన ఎర చేపలను మాత్రం ఇంకో చెరువులో వదలొద్దు. మన దేశంలో పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటిది ఒక్కటి చేరిందంటే ఆ చెరువులో చిన్న చేప మిగలదు.

ప్రశ్న: నమస్తే అండి. మాది కడప. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడికి గాలం పిచ్చి పట్టింది. మొన్న స్నేహితులతో కలిసి బతికున్న కప్పను ముల్లుకు గుచ్చడం చూశాను, ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. వద్దంటే వినడు. లూర్లు కొనిస్తే ఈ పాపం తప్పుతుందా?

జవాబు: కొనివ్వండి అక్కా, కప్ప విషయంలో మీరు చెప్పిందే నా మాట కూడా. కప్పకాళ్ల ఎగుమతి కోసం లక్షల కప్పలను పట్టేస్తుంటే పొలాల్లో పురుగులు తినే దిక్కు లేకుండా పోతోందని మన ప్రభుత్వమే 1987లో ఆ ఎగుమతిని ఆపేసింది. రబ్బరు కప్పతో కొర్రమీను పడుతున్నప్పుడు నిజం కప్పతో పనేముంది?

ఇంకో లాభం కూడా ఉంది. ప్రాణమున్న ఎరను చేప లోపలికి మింగేస్తుంది, ముల్లు గొంతులోనో కడుపులోనో దిగుతుంది, వదిలినా అది బతకడం కష్టం. లూరైతే ఎక్కువగా పెదవికే తగులుతుంది, తీసి నీళ్లలో వదలొచ్చు. అట్లని లూరు పట్టుకున్నవాడు దయామయుడని అనుకోకండి. వానాకాలంలో కొర్రమీను పిల్లలు నీళ్ల మీద ఎర్రటి ముద్దలా తేలుతుంటాయి, తల్లీతండ్రీ కిందనే కాపలా ఉంటాయి. కొందరు తెలివిగా ఆ ముద్ద మీదికే లూరు విసురుతారు. అది ఆకలితో కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కోపంతో పట్టుకుంటుంది. దాన్ని లాగేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలు. ఆ ముద్ద కనపడితే వేరే చోటికి పొమ్మని మీ అబ్బాయికి చెప్పండి, మీ మాట వినకపోతే నేను రాశానని చూపించండి.

కొనేటప్పుడు మూడు ముళ్లవి వద్దు, ఒంటి ముల్లువి చూడండి, ముల్లు కొనలో వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేయమనండి. నా బొటనవేలిలో మూడు ముళ్ల గాలం దిగి డాక్టరు కోసి తీయాల్సి వచ్చింది, ఆ మచ్చ ఇంకా ఉంది. బరువు కోసం దారానికి పెట్టే సీసం గుండ్లను పళ్లతో కొరికి బిగించడం పిల్లలకు అలవాటు, అది విషం, పట్టకారే వాడాలి. కాబట్టి లూర్ల కన్నా ముందు ఒక మంచి పట్టకారు కొనండి.